నాలుగు వేళ్ళ ఎత్తు

సందకాడ నిలబెడితే
చక్రానికీ పైరేకుకీ నడమ నాలుగు వేళ్ళు పట్టేది.
తెల్లారి చూస్తే ఎడమ వెనక కాలు ముడుచుకొని
ఈనబోయే గేదె మాదిరి కూలబడి ఉండేది కారు.

రొయ్య మంచి రేటు పలికిన ఏడు కొన్నాం దాన్ని,
మద్రాసులో ఎవరో డాక్టరు వాడి వదిలేసింది.
ఊటుకూరు కట్ట మీద అదొస్తుంటే
గుంతలు కూడా మర్యాదగా పక్కకి తప్పుకున్నట్టుండేది.
గాలి మీద నడస్తాదంట, అన్నారు చూసినోళ్ళు.
తర్వాతి పంటకి
గుంటలకు తెల్లమచ్చ వచ్చింది.

షోరూం వాడు లక్షా నలభై చెప్పాడు, ఒక్క గాలిబుడ్డకి.
మాలకొండయ్య ఫోను పెట్టేసి
మేత బస్తాల చీటీలు చానాసేపు తిరగేశాడు.
"నేనే చేస్తా.
ఆరు గుంటలకు గాలి కొడతన్నా,
ఒక్క కారుకు కొట్టలేనా?"

జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి,
తుమ్మమొద్దులు రెండు కింద దోపాడు.
"గాలిని నమ్మి కింద దూరగూడదు మే" అన్నాడు.
ఈ నాలుగేళ్ళలో
ఆయన నోట విన్న గట్టి మాట అదొక్కటే.

చెంబులో సర్ఫు కలిపి
తలకు రంగేసుకునే కుంచెతో పూశాడు.
బుడ్డ మడతల్లో ఇసక, ఉప్పు, ఎండిపోయిన ఒక నత్త.
నురగ ఊరికే జారిపోయింది.
కంప్రెసర్ని తిట్టాడు, డాక్టర్ని తిట్టాడు,
నేను టార్చి పట్టిన తీరుని తిట్టాడు.
ఆడ కాదు, ఈడ.
ఈడ కాదు, అదుగో.
వెలుగెప్పుడూ ఆయన చూడని చోటే పడుతుంది మరి.

"పొయ్యి ఏరియేటర్లు కట్టేసి రా" అన్నాను.
"రొయ్యలు చస్తయ్యి."
"రెండు నిమిషాలకేం చావవు లే."

కట్టేశాడు.
ఊరు ఊరంతా ఒక్కసారి చెవిలోంచి తీసేసినట్టయింది.
రెండో గుంటలో మూడో చక్రం గొంతు మారితే
నిద్రలోనే లేచి కూచునే మనిషిని నేను.
వంగి, చెంప రబ్బరుకి ఆనించి విన్నాను.
ఉస్సు కాదు, బుస్సు కాదు,
పాలు పొంగబోయే ముందు గిన్నె అనుకునే మాట.
బుడ్డలో కాదు.
దాని పైన, గొట్టం దూరే ఇత్తడి నట్టు మెడ కింద.

అక్కడ కుంచె ఆనించాడు.
ఆవగింజంత బుడగ.
శనగంత అయింది. పగిలింది. మళ్ళీ ఆవగింజ.
"దొరికావా నాయనా" అన్నాడు,
తప్పిపోయిన పిల్లోణ్ణి పట్టుకున్నట్టు.
అంతలోకే గుంటల వైపు పరిగెత్తాడు.

పొద్దున బస్సెక్కి నెల్లూరు పోయొచ్చాడు.
స్టోన్‌హౌస్‌పేటలో రింగు పన్నెండు రూపాయలు,
బస్సుకి ఎనభై, దోసెకి యాభై.
గొట్టం చివర బ్లేడుతో అర అంగుళం కోశాడు,
ఏటవాలు రాకుండా, ఊపిరి బిగబట్టి.
నలిగిపోయిన పాత రింగు
నా అరచేతిలో పెట్టి, చూడు, అన్నాడు.
చూశాను.
నట్టు బిగిస్తుండగా
బుడ్డ మడతలో వెంట్రుకంత బీట కూడా చూశాను.
టార్చి రవంత పక్కకి తిప్పాను.

కంప్రెసరు గుర్రుమంది.
కారు నడుం పట్టుకొని లేచింది.
హేమ చప్పట్లు కొట్టింది.
మర్నాడు చక్రం పైన నాలుగు వేళ్ళు.
ఆ పొద్దే మేత అంగడి చెంచురామయ్య వచ్చి
"బండి బానే లేచి నిలబడిందే" అని
కుర్చీ లాక్కొని,
బాకీ సంగతెత్తాడు.
కూలబడిన కారున్నన్నాళ్ళు అడగలా ఆయన.

మూడో రోజు తెల్లారకముందే
మాలకొండయ్య కారు పక్కన గొంతుక్కూచోని ఉన్నాడు,
చెయ్యి చక్రం మీద.
"మూడున్నరే పడతన్నాయి మే.
నా వేళ్ళేమన్నా వాచినయ్యా?"

నేనూ పెట్టి చూశాను.
నావి సన్నం వేళ్ళు.

"నాలుగే" అన్నాను,
చెయ్యి కొంగుకి తుడుచుకుంటా.